వెనక సీటు

పాత టూత్‌బ్రష్‌తో చక్రం ఊచలు ఒక్కొక్కటీ విడివిడిగా తోముతానని ముందు గదిలో భర్త గర్వంగా చెబుతుంటే, వంటింట్లో గ్లాసు కడుగుతున్న ఆమెకి నోట్లో ఉమ్మి చేదెక్కింది. ఆ పాత బ్రష్‌లు ఎక్కడివో ఆమెకి తెలుసు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఇంకా పాతబడని ఆమె బ్రష్‌నే పొరపాటున తీసుకుని, చైనుకి పట్టిన నల్లటి జిడ్డంతా దాంతో గీకి, నీళ్ళ కింద పెట్టి కడిగి, మళ్ళీ అదే గ్లాసులో నిలబెట్టేశాడు. మర్నాడు నిద్రమత్తులో నోట్లో పెట్టుకుని తోమడం మొదలుపెట్టాక గానీ ఆమెకి తెలియలేదు. ఆ రోజంతా ఏం తిన్నా ఇనుము రుచే, ఏం తాగినా ఆయిలు వాసనే. చెబితే ఆయన నొచ్చుకోలేదు సరికదా, “కడిగానుగా” అన్నాడు, ఆమే ఏదో వంకలు పెడుతున్నట్టు. కడిగానుగా. మనిషి నోటికీ బండి చైనుకీ మధ్య ఒక్క నీళ్ళ ధార చాలు ఆయనకి. ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా నాలుక కింద ఏదో ఊరుతుంది. మింగలేదు, ఉమ్మలేదు, ఇదిగో ఇప్పట్లాగే.

బండి కొనడానికి వచ్చిన అమ్మాయికి ఇవన్నీ ఏం తెలుస్తాయి. ముప్పై దాటి ఉండవు. ఇళ్ళకి తిరిగి రోగుల దగ్గర రక్తం తీసి ల్యాబుకి చేర్చే ఉద్యోగమట, వస్తూనే గుమ్మంలోనే చెప్పేసింది. షోకుకి కాదు సార్, రోజూ ఊరంతా తిరగాలి, పొద్దున్నే మొరాయించకుండా స్టార్టయ్యే బండి కావాలి, పాత బండ్లు చూసీ చూసీ విసుగొచ్చింది, ఒకాయన రంగేసి తుప్పు దాచాడు, ఇంకొకాయన మీటరు వెనక్కి తిప్పాడు, మీరు బండిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారని మీ కళ్ళద్దాల దుకాణంలోనే చెప్పారు. కళ్ళలో పెట్టుకుని. ఆ మాటకి ఆయన ముఖం ఎలా విప్పారి ఉంటుందో గోడకివతల నుంచే ఊహించుకుంది. ఆ దుకాణంలో వెనక గదిలో కూర్చుని రోజంతా అద్దాలు అరగదీసే మనిషి, దుమ్మంటే పడదు, గీతంటే పడదు. ఇప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగాడంటే ఎందుకాగాడో కూడా ఆమెకి తెలుసు. టాంకు మీదికి వంగి, హా అని నోటి ఆవిరి వదిలి, ఆ తడి ఆరేలోగా గుడ్డతో గుండ్రంగా తుడుస్తున్నాడు. ఆ హా అనే శబ్దం. సెలవు రోజుల్లో పొద్దున్నే పక్క మీద పడుకుని గోడవతల నుంచి అదే వింటూ ఉండేది, హా, ఒక తుడుపు, మళ్ళీ హా, ఇంకో తుడుపు. పక్కింటి మొగుడూ పెళ్ళాల గదిలోంచి వినకూడనిదేదో వినిపించినట్టు ఒళ్ళంతా కంపరమెత్తేది, తలగడ చెవికి అదుముకునేది.

తుడిచే ఆ గుడ్డ ఆమె పాత గౌను. పోగు రాలకూడదు, మెత్తగా ఉండాలి, అలాంటి గుడ్డ కొట్లో దొరకదు, ఏళ్ళ తరబడి ఒంటి మీద నలిగి ఉతుకుల్లో చివికిన ఆడవాళ్ళ బట్టే దానికి సరిగ్గా పనికొస్తుందని ఆయన కనిపెట్టాడు. బట్టల దుకాణంలో ఆల్టరేషన్లు చేసే చెయ్యి ఆమెది. ఆయన అడగ్గానే తనే కూర్చుని ఆ గౌనుని చదరాలుగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, దొంతరగా పేర్చి ఇచ్చింది. ఎంత నీటుగా కుట్టావే అన్నాడాయన. అంతే, పొంగిపోయింది. ఇప్పుడు కడుపులో తిప్పుతున్నది ఆయన ఒక్కడి వల్లే అయితే ఎంత సుఖంగా ఉండేదో. ఆ పొంగిపోవడం కూడా కలిసి తిప్పుతోంది. అమ్మ అయినా అంతేగా. ఆయన మొదటిసారి ఇంటికొచ్చింది ఈ బండి మీదే, అప్పుడిది కొత్తది. దిగి, జేబురుమాలు తీసి, హ్యాండిలు తుడిచి, స్టాండు వేసిన చోట నేల గట్టిగా ఉందో లేదో కాలితో తట్టి చూసి, అప్పుడు గడప దాటాడు. కిటికీలోంచి చూసిన అమ్మ, వస్తువునే ఇంత పదిలంగా చూసుకునేవాడు పెళ్ళాన్ని ఇంకెంత పదిలంగా చూసుకుంటాడో అని మురిసిపోయింది. అక్కకి కూడా కవరు కుట్టించి తొడుగుతాడేమో అంది చెల్లెలు. అందరూ నవ్వారు, ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే పాచి తిండి తేన్పు వచ్చినట్టుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు నిజంగానే అలాంటి తేన్పులొచ్చేవి. పడగ్గదికీ ముందు గదికీ మధ్య తలుపు లేదు, రాత్రయితే పెట్రోలు వాసన నేల మీద పాకుతూ వచ్చి మంచం ఎక్కేది. నాలుగు రోజులు బండి బయట పెట్టరాదా అని అడిగితే, నాలుగు రోజులు ఓర్చుకో, అదే అలవాటైపోతుంది అన్నాడు. ఆమె వంటింటి గచ్చు మీద, తూము పక్కన తల పెట్టుకుని పడుకునేది. పెట్రోలు కంటే తూము కంపే నయమనిపించేది.

“మంచినీళ్ళు తెస్తానన్నావు, ఏమైపోయావ్?” అని ఆయన కేకేశాడు. బయటివాళ్ళుంటే ఆయన గొంతులో కాస్త తేనె కలుస్తుంది, అది విన్నా చిరాకే. గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. కవరు తీసేసిన బండి ట్యూబులైటు వెలుగులో తళతళలాడుతోంది, ఏళ్ళు గడిచిన వస్తువులా లేదు, నిన్న పెట్టెలోంచి తీసినట్టుంది. ఇంట్లో పాతబడినవాటిని ఆమె కళ్ళతో లెక్కపెట్టుకుంది. పెచ్చులూడిన గోడ, కుర్చీ, ఆయన నెత్తి మీది వెంట్రుకలు, తను. ఆ అమ్మాయి గచ్చు మీద గొంతుక్కూర్చుని ఇంజను కింద వేలు పెట్టి రాసి, వేలు చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. “పర్లేదు సార్, నేను చూసినవాటన్నిటికంటే శుభ్రంగా ఉంది” అంటూ లేచి, నీళ్ళందుకుని, “థాంక్స్ అక్కా” అంది. అక్కా అని పిలిచింది, ముఖంలోకి చూసి పిలిచింది. ఈ గదిలోకి ఎందరో వచ్చారు బండి చూడ్డానికి, ఆయన స్నేహితులు, ఆడపడుచు మొగుడు, మెకానిక్కు, గ్లాసందుకున్న చేతుల్నే గానీ గ్లాసిచ్చిన మనిషిని చూసినవాళ్ళు లేరు.

“అసలు చూడాల్సింది ఇది మేడం” అని ఆయన వెనక సీటు మీద అరచెయ్యి పెట్టాడు, నిద్రపోతున్న పిల్ల నుదుటి మీద పెట్టినట్టు. “ఒక్క మడత చూపించండి. కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంది. ఫుట్‌రెస్టు రబ్బరు చూడండి, మీద గళ్ళు కూడా అరగలేదు. డబుల్స్ తోలితే వెనక స్ప్రింగులు కుంగిపోతాయి, చైను సాగుతుంది. నేను తోలలేదు. ఎవర్నీ ఎక్కించలేదు.” ఎవర్నీ. ఆ ఎవర్నీ పక్కనే నిలబడి ఖాళీ గ్లాసు కోసం చూస్తోంది. మొదట్లో ఒంటి మీది బట్ట చక్రంలో చిక్కుకుంటుంది, ప్రమాదం అనేవాడు, ప్రేమ కాబోలనుకుంది. తర్వాత రోడ్డు బాగోలేదన్నాడు. ఆ తర్వాత అడగడం మానేసింది, మానేశాక ఆయనకి కారణాలు వెతికే శ్రమ తప్పింది. ఒకరోజు పొద్దున దుకాణానికి నడిచి వెళ్తోంది, సంచిలో ముందురోజు ఇంటికి తెచ్చుకుని కుట్టిన ప్యాంట్లు, అందరి కొలతలూ సరిచేసినవి, చెప్పు తెగి ఈడ్చుకుంటూ నడుస్తోంది. వెనక నుంచి తెలిసిన హారన్. తిరిగి చూస్తే ఆయన. ఆపుతాడనుకుంది. చెయ్యి ఎత్తి, నవ్వి, పక్క నుంచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ, పొద్దున నిన్ను చూశాను, పలకరించాను కూడా అన్నాడు. పలకరించాడు. హారన్‌తో. రోడ్డుకడ్డంగా పడుకున్న కుక్కని కూడా అలాగే పలకరిస్తారు. ఆ రోజు చెప్పు తెగిందని ఆమె చెప్పలేదు, చెబితే కొత్త చెప్పులు కొనుక్కో అంటాడని, అంటే తను కొనుక్కుంటుందని, అక్కడితో ఆ సంగతి తెమిలిపోతుందని.

“ఇంత బాగున్నదాన్ని ఎందుకు అమ్ముతున్నారు సార్?” అంది ఆ అమ్మాయి. అనుమానంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. పెద్దది బుక్ చేశానండి, వారంలో వస్తుంది, దీనికీ దానికీ పోలికే లేదు అని ఆయన చేతులు చాపి పొడుగు చూపించాడు. ఆ చేతులు చాపడం ఆమె ముందే చూసింది. కిటికీ కింద బట్టలు కత్తిరించుకునే బల్ల ఒకటుంది, ఇంటికి తెచ్చుకునే పనంతా దాని మీదే. మొన్న రాత్రి టేపు పెట్టి గది ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచి, ఈ బల్ల అడ్డమొస్తుంది, పెరట్లోకి జరిపేస్తే సరి అన్నాడు. పెరట్లో రేకు కింద, బాత్రూము గోడకి ఆనించి. బూజు వాసనలో, చెమ్మలో, ఊళ్ళోవాళ్ళ మంచి మంచి బట్టలు. సరేనన్నట్టు తలూపింది కూడా. తలూపిన మెడని ఇప్పుడు చేత్తో తడుముకుంది, ఏదో పురుగు పాకినట్టు.

అప్పుడు ఆ అమ్మాయి ఆమె వైపు తిరిగింది. “అక్కా, మీరు చెప్పండి. మా అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి, వారం వారం ఆస్పత్రికి నా వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాలి. వెనక కూర్చుంటే కుదుపు ఉంటుందా? కూర్చునేవాళ్ళకే కదా తెలిసేది.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆమెకి ఆ ప్రశ్న చెవిలోంచి కాక ఎక్కడో పొత్తికడుపులోంచి వినిపించినట్టయింది. అక్కడే మొదలైందది, నాలుగో నెలలో, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, ముందు ఒక మెలి, తర్వాత తడి. గోడ పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్ళండి అంది. అప్పుడే కొత్తగా సీటు పాలిష్ పెట్టి చేతులు తుడుచుకుంటున్నాడాయన. తలెత్తి ఆమె బట్టల వైపు చూశాడు, మోకాళ్ళ దాకా దిగుతున్న మరకని చూశాడు, తర్వాత సీటు వైపు చూశాడు. అంతే. నోటితో ఒక్క మాటనలేదు, ఆయన మీద ఎవరికైనా ఫిర్యాదు చెయ్యాలంటే చెప్పడానికి ఒక మాట కూడా మిగల్చలేదు. ఆ చూపు మాత్రం ఆమె దగ్గరుంది. ఉండు, ఏదైనా బండి మాట్లాడుకొస్తాను అని తను ఆ బండెక్కి వెళ్ళి, చాలాసేపటికి ఒక కూరగాయల వ్యానుని వెంటబెట్టుకొచ్చాడు. కుళ్ళిన ఆకులు, తడి గోనెసంచులు, వాటి మీద పడుకుంది. ఆ పులిసిన కంపూ తన రక్తం కంపూ ఒకటై ముక్కుకి పట్టేసింది. వెనక తలుపు సందులోంచి ఆయన కనిపిస్తున్నాడు, వ్యాను వెనకే బండి మీద వస్తూ, గుంతల దగ్గర జాగ్రత్తగా పక్కకి తప్పిస్తూ. వ్యాను అన్ని గుంతల్లోనూ పడింది. ఆస్పత్రిలో అంతా అయిపోయాక ఆమె చెయ్యి తట్టి, పోనీలే, మళ్ళీ పుడతారు అన్నాడు. ఆ చేతికి ఇంకా పాలిష్ వాసన. మళ్ళీ పుట్టలేదు.

“నేనెప్పుడూ ఎక్కలేదమ్మా” అంది.

ఆ అమ్మాయి ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. ఆయన ఆ సందుని ఎంత చటుక్కున అందుకున్నాడో, “చెప్పాను కదండీ, సొంత పెళ్ళాన్ని కూడా ఎక్కించలేదు. ఆ సీటుకి బోణీ మీదే” అని నవ్వాడు. దాచలేదు, సిగ్గుపడలేదు, బండి గుణాల్లో అదీ ఒకటిగా చేర్చేశాడు, మైలేజీ పక్కన, టైర్ల పక్కన. ఇంతకాలం తను లోపల మూటగట్టుకున్నదంతా బేరంలో పనికొచ్చే మాటయింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమెని చూసింది, సీటుని చూసింది, చేతిలో గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది.

“అయితే ఇప్పుడు ఎక్కండి అక్కా. ఇద్దరితో ఎలా లాగుతుందో నేను చూసుకోవాలి. మీరు మా అమ్మ అంత బరువుంటారు.”

“దానికి అలవాటు లేదండి, భయపడుతుంది. కావాలంటే నేను కూర్చుంటాను” అన్నాడాయన.

“మీరొద్దు సార్” అంది ఆ అమ్మాయి, మర్యాదగానే.

బండిని గడప మీది చెక్క పలక మీదుగా వీధిలోకి దింపింది. ఆమె వెనకే నడిచింది, చెప్పులేసుకోవడం మర్చిపోయి. ఆయన వెంటవచ్చి, ఇటు నుంచి ఎక్కు, సైలెన్సరు కాలుతుంది, కాలు ఆనించకు, సీటు మీద గోళ్ళు పెట్టి పట్టుకోకు అంటూనే ఉన్నాడు. సైలెన్సరు కాలుతుందన్నది ఆమె కోసమో సైలెన్సరు కోసమో తేల్చుకోలేకపోయింది. బట్ట కుదురుగా దోపుకుని ఎక్కి కూర్చుంది. ఆ అమ్మాయి భుజం పట్టుకుంది, పరాయి భుజం, చొక్కా కింద ఎముక గట్టిగా తగిలింది. బండి కదిలింది. వీధి మలుపు తిరిగింది. తిరిగాక ఆమె ఎదురుచూసింది, ఏదో అవుతుందని, ఏడుపో ఆనందమో గుండెలోంచి తన్నుకొస్తుందని. ఏమీ రాలేదు. సీటు కాస్త గట్టిగా ఉంది. కాస్త ఇరుకుగా ఉంది. కాళ్ళకి సన్నటి అదురు తగులుతోంది, గాలికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంతేనా. రెక్సిను తొడిగిన స్పాంజి ముక్క. దీని కోసమా తూము పక్కన పడుకుంది, దీని కోసమా కుళ్ళు గోనెల మీద పడి వెళ్ళింది. ఇదేదో మహా వైభోగమని, తనకి అందనిదని, ఇన్నేళ్ళూ తను కూడా ఆయనతో పాటు దీనికి దండం పెడుతూనే ఉంది, తిట్టుకుంటూ అయినా పెడుతూనే ఉంది. ఆ తలపుకి అసహ్యం ఎంత పొంగుకొచ్చిందంటే అది పొంగి పొంగి చివరికి నవ్వై బయటపడింది. ఆ అమ్మాయి తల తిప్పకుండానే, “ఏంటక్కా?” అంది.

“ఏం లేదు. రిక్షాలో కూర్చున్నట్టే ఉంది.”

“బండ్లన్నీ అంతే కదక్కా” అని ఆ అమ్మాయి గేరు మార్చింది. గుంత వచ్చింది, బండి అందులో దిగి లేచింది, ఇద్దరూ ఎగిరిపడ్డారు, ఏమీ విరగలేదు. బేకరీ దాటి, ఖాళీ బడి గేటు దాటి, రోడ్డు చివర బండి తిప్పేముందు ఆపింది. “సార్ ఎదురుగా అడగలేకపోయాను. దీంట్లో ఏదైనా లోపముంటే చెప్పండక్కా. నాకు రోజూ పని దీంతో.”

ఉందని చెప్పొచ్చు. వానాకాలం మొరాయిస్తుందనో, ఎవర్నో గుద్దిందనో ఒక్క ముక్క చాలు, ఈ పిల్ల వెళ్ళిపోతుంది, ఆయన ముఖం చూడొచ్చు. ఆ సుఖం నాలుక చివరి దాకా వచ్చింది. భుజం మీద తన చేతి కింద ఆ అమ్మాయి ఊపిరి కదలడం తెలుస్తోంది. మోకాళ్ళరిగిన తల్లి ఎక్కడో గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

“బండికేం లోపం లేదమ్మా” అంది. “బండి మంచిది.”

ఆ అమ్మాయి బండి తిప్పింది.

తిరిగొచ్చేసరికి ఆయన వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆమె దిగీ దిగగానే ముందుకి వంగి, ఆమె కూర్చున్న చోటు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. కోపంతో కాదు, ఆలోచించి కాదు, ఎవరైనా దగ్గితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నంత మామూలుగా. ఆమె అలా చూస్తూ నిలబడింది. కాళ్ళ కింద వీధి ఇసుక గుచ్చుకుంటోంది.

“వదిలెయ్యండి సార్” అంది ఆ అమ్మాయి. “నేను తీసుకుంటున్నాను. ఇక తుడుచుకోవాల్సింది నేనే కదా.”

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

బేరం ఎక్కువసేపు సాగలేదు, కాగితాల మీద సంతకాలు అయ్యాయి. ఆ అమ్మాయి వెళ్తూ ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళొస్తానక్కా అని, ఆయనకి తలూపి, వెళ్ళిపోయింది. శబ్దం వినపడినంతసేపూ ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. ఇటు తిరిగితే కళ్ళు తడిసి ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపరంలో ఆ కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి. ఆస్పత్రి వరండాలో పొడిగా ఉన్న కళ్ళే అవి. చేతిలో ఉన్న గుడ్డతోనే తుడుచుకున్నాడు, చెంప మీద నల్లటి చార పడింది. ఆమె చూసింది. చెప్పలేదు.

లోపలికి వచ్చి, ముక్కు ఎగబీల్చి, అల్మారాలోంచి టేపు తీశాడు. ఖాళీ అయిన గది చాలా పెద్దదిగా కనిపిస్తోంది, నేల మీద ఆయిలు మరక కూడా లేదు. ఆయన ఒక మూల వంగి టేపు చివర గోడకి ఆనించి, “ఇదిగో, ఆ చివర పట్టుకో. బల్ల ఇవాళే తీసేద్దాం” అన్నాడు.

ఆమె పట్టుకోలేదు. “బల్ల ఎక్కడికీ పోదు” అంది. “కొత్తది లోపలికి రాదు.”

“మరెక్కడ పెట్టను?”

“వీధిలో. అందరూ పెట్టుకున్నట్టే.”

“వాన వస్తే?”

“తడుస్తుంది” అంది.

టేపు ఆయన చేతిలోంచి జారి సర్రున చుట్టుకుపోయింది. ఆయన తల కొంచెం పక్కకి వంచి ఆమె వైపే చూస్తున్నాడు, నడుస్తున్న ఇంజనులో ఇన్నాళ్ళూ లేని శబ్దమేదో వినిపించి, అది ఎక్కడి నుంచి వస్తోందో పోల్చుకోలేనివాడిలా. చెంప మీద ఆ చార అలాగే ఉంది.